పాట వెడల్పు పెట్టె మీద రాసి ఉండదు

హెడ్‌ఫోన్ కొనేముందు తెలిసినవాళ్లు ఈమధ్య నన్ను అడుగుతున్నారు. ఒకప్పుడు నేనే కనిపించిన ప్రతివాళ్లనీ అడిగి, చెప్పిందల్లా నమ్మి, నాకు పనికిరాని వస్తువులకు డబ్బు పోశాను. డబ్బు పోయిందన్న బాధ కొంతే. నాకు కావలసిందేమిటో తేల్చుకోకుండానే దాన్ని ఏళ్ల తరబడి దుకాణాల్లో వెతికానే అన్న బాధ ఇప్పటికీ ఉంది. పది వేల నుంచి ఇరవై వేల రూపాయల లోపు, పాటను తల చుట్టూ విశాలంగా పరిచే హెడ్‌ఫోన్ కోసం చూస్తున్నవాళ్లకు నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. నెల జీతం మీద బతికేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు.

ఈ కోరిక నాకు కచేరీల దగ్గర పుట్టింది. మాది విజయవాడ. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కర్ణాటక కచేరీ ఉందంటే ఎలాగోలా వీలు చేసుకుని వెళ్లేవాణ్ణి. వేదిక మధ్యలో గాయకుడు, మనకు కుడివైపు వయొలిన్, ఎడమవైపు మృదంగం. మృదంగ విద్వాంసుడు గాయకుడి వైపు తిరిగి కూర్చుంటాడు కాబట్టి, ఆ వైపునుంటేనే ఆయన కుడిచెయ్యి పడే ముఖం శ్రోతలకు ఎదురుగా వస్తుంది. ఎడమచేతి వాటం విద్వాంసుడు వస్తే చోట్లు మార్చుకోవాల్సి ఉంటుంది. ఇంటికొచ్చి అదే కృతి ఫోన్‌కు ఇయర్‌ఫోన్ తగిలించి వింటే అన్నీ కలిసిపోయి తల మధ్యలో వినిపించేవి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెవికి తెలియాలి అనుకున్నాను. దాన్నే సౌండ్‌స్టేజ్ అంటారని తెలిశాక, ఆ మాట ఉన్న ప్రతి పెట్టె వైపూ చెయ్యి చాచాను.

మొదట కొన్నది గేమింగ్ హెడ్‌సెట్. పెట్టె మీద 7.1 అని పెద్ద అంకెలు. ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఇచ్చే అనుభూతి అని దుకాణంలో కుర్రాడు చెప్పాడు. నిజానికి ఆ కప్పుల్లో చెవికి ఒక డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, మాత్రమే ఉంది. మిగతాదంతా కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే లెక్క. ఆటలకు అది పనికొస్తుంది. ఆటలో ప్రతి శబ్దం ఎక్కణ్ణుంచి రావాలో విడిగా నమోదై ఉంటుంది కాబట్టి, శత్రువు అడుగుల చప్పుడు వెనకనుంచి వస్తోందో పక్కనుంచి వస్తోందో ఆ సాఫ్ట్‌వేర్ చూపించగలదు. పాటలో ఉండేవి రెండే ఛానెళ్లు. మిగతా ఛానెళ్లను అది తన సొంతంగా కల్పించి, కాస్త ప్రతిధ్వని కలిపి వినిపిస్తుంది. బాలమురళి గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉండేది. కొత్త మోజులో అదే విశాలం అనుకుని కొన్ని నెలలు విన్నాను. ఆ 7.1 బటన్ ఆపేసి విన్న రోజున గొంతు మళ్లీ గొంతులా వినపడింది. దాన్ని అక్కచెల్లెళ్ల పిల్లలకు ఇచ్చేశాను.

అప్పటికి కొంత చదివాను. శబ్దం ఎటునుంచి వస్తోందో మనిషి ఎలా పసిగడతాడు? కుడివైపున్న శబ్దం కుడిచెవికి ముందు చేరుతుంది, ఎడమచెవికి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువనుకున్నా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అందులో సుమారు మూడింట రెండు వంతులే. ఆ తేడాను మెదడు పట్టుకుంటుంది. పై స్థాయి శబ్దాలకు తల అడ్డుపడి అవతలి చెవిలో ధ్వని తగ్గుతుంది. మంద్రానికి కాలం తేడా, తారానికి బలం తేడా అని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. వీటికి తోడు చెవి డొప్ప మడతలు. ముందునుంచి వచ్చిన శబ్దాన్ని ఒకలా, పైనుంచి వచ్చినదాన్ని మరోలా అవి మారుస్తాయి. ఆ మడతలు ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. ఒకరికి గది అంత వెడల్పుగా వినిపించిన హెడ్‌ఫోన్ మరొకరికి భుజాలు దాటకపోవడానికి ఇదొక కారణం. ఎవరో మెచ్చుకున్నారని కొనడంలో ఉన్న ప్రమాదం ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి. స్టీరియో పాటను స్పీకర్ల ముందు వింటే కుడి స్పీకర్ శబ్దం ఎడమచెవికి కూడా కొంత చేరుతుంది. హెడ్‌ఫోన్‌లో అలా చేరదు. అందుకే ఒకవైపుకు నెట్టిన వాయిద్యం చెవికి అతుక్కుని వినిపిస్తుంది, మధ్యలో ఉన్న గొంతు తల లోపల వినిపిస్తుంది. రెండు ఛానెళ్లనూ కొద్దిగా అటూ ఇటూ కలపవచ్చని బెంజమిన్ బావర్ 1961లో ప్రతిపాదించాడు. ఈరోజు మ్యూజిక్ ప్లేయర్లలో క్రాస్‌ఫీడ్ పేరుతో కనిపించేది అదే. ఎంత ఖరీదు పెట్టినా హెడ్‌ఫోన్‌లో వచ్చే వెడల్పు తలకు అటూ ఇటూ కొంత మేరే. హాలు రాదు. ఇది ముందే తెలిసి ఉంటే నా ఆశలు కొంత అదుపులో ఉండేవి.

తర్వాత ఓపెన్ బ్యాక్ కొన్నాను. కప్పు వెనక మూత బదులు జాలీ ఉంటుంది, శబ్దం బయటికి స్వేచ్ఛగా పోతుంది. మూసిన కప్పులో డ్రైవర్ వెనక్కి నెట్టిన గాలి గోడకు తగిలి మళ్లీ చెవి దగ్గరికి వస్తుంది, చెవి మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. ఓపెన్ బ్యాక్‌లో ఆ ఇబ్బంది లేదు. 1968లో సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డి 414తో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది. విశాలమైన ధ్వనికి పేరున్న హెడ్‌ఫోన్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. ఇంతవరకు నేను తెలుసుకున్నది సరైనదే.

నేను చూసుకోనిది దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 300 ఓమ్‌లన్న అంకె. ఫోన్‌కు డాంగిల్, అంటే హెడ్‌ఫోన్ పిన్నును ఫోన్‌కు కలిపే చిన్న తోక, పెట్టి తగిలించాను. వాల్యూమ్ చివరిదాకా పెట్టినా పాట ఎక్కడో దూరంగా ఉంది. దూరంగా ఉండటమే విశాలమేమో అని కూడా అనుకున్నాను. అది విశాలం కాదు, ఫోన్‌కు శక్తి చాలకపోవడం. ఓమ్‌లు ఎక్కువైతే అదే శబ్దానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. చిన్న డాంగిల్స్ చాలావాటిలో అది ఒక వోల్టు దాటదు. శబ్దం తగ్గినప్పుడు చెవికి అన్నిటికంటే ముందు మాయమయ్యేది మంద్రం. ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన గ్రాఫులు చెప్పేది అదే. మృదంగం ఎడమ ముఖం గుమికి, అంటే దాని మంద్రనాదం, పూర్తిగా వినపడటం లేదంటే తప్పు హెడ్‌ఫోన్‌ది అనుకున్నాను. ఆఫీసులో ఒక స్నేహితుడి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ (ఆంప్) తెచ్చి తగిలించాక గుమికి వచ్చింది. ఆంప్ కోసం మరికొన్ని వేలు పెట్టాల్సి వచ్చింది. హెడ్‌ఫోన్ కొంటున్నప్పుడు ఆ డబ్బు నా లెక్కలో లేదు.

ఓమ్‌లు తక్కువుంటే చాలనుకోవడం కూడా పొరపాటే. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం వస్తుందన్న అంకె, కూడా చూడాలి. హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ 25 ఓమ్‌లే. కానీ దాని సెన్సిటివిటీ 91 డెసిబెల్స్, అంటే దానికి కరెంటు ఎక్కువ కావాలి. ఒక కంపెనీ మిల్లీవాట్‌కు ఇంత అని రాస్తుంది, మరొకటి వోల్టుకు ఇంత అని రాస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నేను అలాగే పోల్చి మోసపోయాను.

ఆంప్ వచ్చాక కూడా నేను ఆశించిన వేదిక రాలేదు. ఈసారి కారణం నెత్తిన తిరుగుతోంది. మే నెలలో విజయవాడలో సీలింగ్ ఫ్యాన్ ఆపి కూర్చోగలిగేవాళ్లెవరు? ఓపెన్ బ్యాక్ కప్పు జాలీలోంచి ఆ హోరు నేరుగా లోపలికి వస్తుంది. వంటింట్లో మిక్సీ, పక్క ఇంట్లో సీరియల్, వీధిలో కూరగాయల బండివాడి మైకు, అన్నీ వస్తాయి. వీటి వల్ల గొంతు వినపడకుండా పోదు, అందుకే మొదట నాకు అర్థం కాలేదు. ఒక రాత్రి ఫ్యాన్ ఆపి, అదే పాట మళ్లీ పెట్టి విన్నాను. వయొలిన్ కమాను ఎత్తాక గాలిలో మిగిలే నాదం, తబలా దెబ్బ తర్వాత గోడలను తాకి వచ్చే చిన్న అనునాదం అప్పుడు బయటపడ్డాయి. పాట ఎంత పెద్ద చోట పాడారో చెవికి చెప్పేవి ఆ సన్నటి తోకలే. ఫ్యాన్ హోరు మొట్టమొదట తినేసేది వాటినే. నేను వేలు పోసి కొన్న విశాలాన్ని రెగ్యులేటర్ నాలుగో నంబరు మీద పెట్టి చెరిపేస్తున్నాను. కాసేపటికే కుషన్లు చెమటకు తడిశాయి, ఫ్యాన్ మళ్లీ వెయ్యక తప్పలేదు.

హోరును మించి వినాలని వాల్యూమ్ పెంచడం ఇంకో ప్రమాదం. వారానికి 40 గంటలు వినేవాళ్లు సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా ఓపెన్ బ్యాక్‌లో పెంచిందంతా గదిలోకి వస్తుంది. "మీరు వింటున్న పాట నాకూ వినపడుతోందండీ, పిల్లాడికి రేపు పరీక్ష" అని మా ఆవిడ అనేసరికి తీసి పక్కన పెట్టాను.

అన్నిటికంటే నా కళ్లు తెరిపించింది మా అమ్మ. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె తలకు ఆ హెడ్‌ఫోన్ పెట్టి, ఆమెకు ప్రాణమైన మాయాబజార్ పడవ పాట వేశాను. ఘంటసాల, పి. లీల పాడిన వెన్నెల పాట. కళ్లు మూసుకుని వింటూ మధ్యలో నన్ను పిలిచింది.

"ఒరేయ్, ఇద్దరూ ఒకే చోట నించుని పాడుతున్నారేంట్రా? ఇదిగో, ఇక్కడ," అంటూ నుదుటి మధ్య వేలు పెట్టి చూపించింది.

"బాగాలేదా అమ్మా?"

"బాగుంది. గొంతులు శుభ్రంగా ఉన్నాయి. చుట్టూ వినపడుతుందన్నావుగా, చుట్టూ ఏం లేదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మాయాబజార్ 1957 నాటి సినిమా. పాట మోనోలో రికార్డయింది. ఎంతమంది వాయించినా, ఎన్ని మైకులు పెట్టినా చివరికి మిగిలింది ఒకే ఛానెల్. రెండు చెవులకూ అణువు తేడా లేకుండా ఒకే శబ్దం చేరితే మెదడు దాన్ని సరిగ్గా తల మధ్యలో పెడుతుంది. లక్ష రూపాయల హెడ్‌ఫోన్ అయినా అక్కడే పెడుతుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో కాలానివే. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది, అక్కడ రికార్డయిన పాత లలితగీతాలూ అంతే. నా ఫోన్‌లో ఉన్న పాటల్లో సగానికి పైగా ఇవే. లేని వెడల్పును వెతకడానికి నేను డబ్బు పెట్టాను.

మోనో అంటే తక్కువ అని నేను అనడం లేదు. ఆ పాటల్లో ఎడమ, కుడి లేకపోయినా ముందు, వెనక ఉన్నాయి. గాయకుడు మైకుకు దగ్గరగా, వయొలిన్ల వరస కాస్త వెనగ్గా, గంటల మోత ఇంకా వెనగ్గా. ఒకే మైకు చుట్టూ మనుషుల్ని దగ్గరగా, దూరంగా నిలబెట్టి సాధించిన లోతు అది, చిన్న పనితనం కాదు. దాన్ని వినడానికి గొంతును ఉన్నదున్నట్టు చూపించే హెడ్‌ఫోన్ కావాలి. వెడల్పు కోసం గొంతును వెనక్కి నెట్టే హెడ్‌ఫోన్లు కొన్ని ఉన్నాయి. ఒకటి నుంచి మూడు కిలోహెర్ట్జ్ మధ్య ధ్వని కాస్త తగ్గితే గాయకుడు దూరం జరిగినట్టు ఉంటుంది, దాన్ని మనం విశాలం అనుకుంటాం. ఘంటసాలను అలా దూరం జరపడం నాకు ఇష్టం లేదు. మోనో పాటను యంత్రాలతో రెండుగా చీల్చి స్టీరియో అని అమ్మినవి కూడా ఉన్నాయి. 1960లలో అమెరికాలో కాపిటల్ రికార్డ్స్ డ్యుయోఫోనిక్ పేరుతో అదే చేసింది. మన పాత పాటల్లోనూ అలా సాగదీసిన కాపీలు దొరుకుతాయి. మంచి హెడ్‌ఫోన్‌లో వాటి అతుకులు మరింత బయటపడతాయి.

అమ్మ మాట విన్నాక కచేరీకి వెళ్లి నేనూ కళ్లు మూసుకుని విన్నాను. వయొలిన్ కుడివైపునుంచి రావడం లేదు. మైకులన్నీ కలిసి, వేదికకు అటూ ఇటూ ఉన్న స్పీకర్ పెట్టెల్లోంచి ఒకే ధ్వనిగా వస్తోంది. ఇన్నేళ్లూ వయొలిన్‌ను కుడివైపు కూర్చోబెట్టినవి నా కళ్లు. ఆ రాత్రి ఇంటికి నడుస్తూ, నేను హెడ్‌ఫోన్ నుంచి అడుగుతున్నది అది ఇవ్వగలిగింది కాదని ఒప్పుకున్నాను.

అయితే వెడల్పు నిజంగా రికార్డయిన సంగీతం ఉంది. దాన్ని వింటేనే హెడ్‌ఫోన్ సత్తా తెలుస్తుంది. ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. రెండు మైకుల్ని ఒకేచోట, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో పెట్టే పద్ధతికి ఇప్పటికీ ఆయన పేరే. విశ్వమోహన్ భట్ మోహనవీణ, రై కూడర్ గిటార్ కలిసి వినిపించే 'ఎ మీటింగ్ బై ది రివర్' ఆల్బం ఆ పద్ధతిలో రికార్డయింది. 1992 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఒక ప్రార్థనా మందిరంలో ఇద్దరూ అప్పుడే కలుసుకుని, సాధన లేకుండా వాయించారు. 1994లో దానికి గ్రామీ వచ్చింది. మంచి ఓపెన్ బ్యాక్‌లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది వింటే రెండు తంత్రీవాద్యాల మధ్య జాగా తెలుస్తుంది, తబలా వాటి వెనక ఉందని తెలుస్తుంది, మందిరం గోడలు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. నేను వెతికింది ఇదే. ఇళయరాజా 1986 ఆల్బం 'హౌ టు నేమ్ ఇట్'లో వయొలిన్ గుంపుల్ని వేరువేరుగా వినడం కూడా ఇప్పుడు నాకు ఇష్టమైన పని.

ఇక కొనడం సంగతి. గది నిశ్శబ్దంగా ఉండి, స్టీరియో సంగీతం ఎక్కువగా వినేవాళ్లకు నా ఓటు సెన్‌హైజర్ హెచ్‌డి 560ఎస్‌కు. 2020లో వచ్చింది, 120 ఓమ్‌లు. డ్రైవర్లను చెవికి కాస్త ముందుకు, కోణంలో పెట్టారు, ధ్వని ముందునుంచి వస్తున్న భావన అందుకే కొంత కలుగుతుంది. గొంతును పాడుచెయ్యదు. మామూలు డాంగిల్‌తోనూ నెట్టుకురావచ్చు. ఏకేజీ కె702, ఆడియో టెక్నికా ఏడీ700ఎక్స్ వెడల్పులో దీన్ని మించుతాయి. కానీ రెండింటిలోనూ మంద్రం పలుచన. డప్పు, తవిల్, ఇప్పటి సినిమా పాటల దరువు ఇష్టపడేవాళ్లకు అవి నచ్చవు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 ఉంది, 32 ఓమ్‌లు, ఫోన్‌తో హాయిగా పాడుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డి 600, హెచ్‌డి 650లకు గొప్ప పేరుంది, ఆ పేరు గొంతుల కోసం. వాటి వేదిక ఇరుకు. ఘంటసాల, సుశీల, బాలసరస్వతీదేవి పాటలే లోకమైనవాళ్లకు ఆ ఇరుకు అడ్డురాదు. కొంతకాలం వాడినవి దొరికితే అవి కొనమనే చెబుతాను, ఆంప్ ఖర్చు మాత్రం కలుపుకోవాలి.

ఫ్యాన్ ఆపలేని గది, పడుకున్న పిల్లలు, బస్సు ప్రయాణం, ఇవే మీ జీవితమైతే ఓపెన్ బ్యాక్ జోలికి పోకండి. మంచి క్లోజ్డ్ బ్యాక్, అంటే మూసిన కప్పులది, కొనండి. బయటి హోరు తగ్గితే ఆ సన్నటి అనునాదాలు నిలుస్తాయి. హోరులో పెట్టిన ఓపెన్ బ్యాక్ కంటే అదే విశాలంగా వినిపిస్తుంది. కుషన్లు ముఖ్యం. అణిగిపోతే చెవి డ్రైవర్‌కు తగిలి ధ్వని మీదకొచ్చేస్తుంది. మన ఉక్కపోతకు తోలు లాంటి రెక్సిన్ పొరలు పొరలుగా రాలుతుంది, వెల్వెట్ రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. వేరే కుషన్లు దొరుకుతాయో లేదో కొనేముందే కనుక్కోండి.

దుకాణానికి వెళ్లేముందు ఇంట్లోనే ఒక పని చెయ్యండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అనే మీట ఉంటుంది. ఇయర్‌ఫోన్ తగిలించి, మీరు రోజూ వినే పాట పెట్టి ఆ మీట వేసి, తీసి చూడండి. తేడా తెలియకపోతే ఆ పాట మోనో. మీ పాటల్లో ఎక్కువ భాగం అలాంటివే అయితే వెడల్పు కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టకండి, గొంతు బాగా పలికేది తీసుకోండి. తేడా తెలిసే పాటలు ఎక్కువుంటే వాటినే ఫోన్‌లో వేసుకుని వెళ్లండి. కళ్లజోడు ఉంటే పెట్టుకునే వినండి, కనీసం అరగంట వినండి. దుకాణంవాళ్లు తమ పాటలు వినిపిస్తామంటే వద్దని, మీ పాటలే పెట్టమని అడగండి.